కాలేజీ వీథిలో రెండు బడులు

కలకత్తా నగరమున కాలేజీ వీథి యను రాజమార్గ మొకటి కలదు. ఇరువైపుల పుస్తకముల దుకాణములతో కిక్కిరిసి, కాలిబాట మీదనే కొత్త పుస్తకములును పాత పుస్తకములును గుట్టలుగా పేర్చబడియుండు ఆ వీథిని గురించి విననివారు చదువరులలో అరుదు. ఆ వీథికి తూర్పున హిందూ పాఠశాలయు, పడమర హేర్ పాఠశాలయు నిలిచియున్నవి. రెండును ప్రభుత్వ పాఠశాలలే. రెండును బాలుర పాఠశాలలే. మొదటిది 1817వ సంవత్సరమునుండియు, రెండవది 1818వ సంవత్సరమునుండియు తమ వయస్సు లెక్కించుకొనుచున్నవి. 2017లో ఒకటి, 2018లో మరియొకటి ద్విశతాబ్ది పండుగలు జరుపుకొన్నవి. సంస్కృత కళాశాల, ప్రెసిడెన్సీ, విశ్వవిద్యాలయము, వైద్య కళాశాల, ఇవన్నియు ఆ బడుల చుట్టుప్రక్కలనే యున్నవి. ఆ నగరమునకు 2001 నుండి కోల్‌కతా యను పేరే చట్టసమ్మతమైనది. కాని పాత సంగతులు చెప్పుకొనునపుడు పాత పేరే నోటికి వచ్చును గనుక మేమును కలకత్తా యనియే యందుము.

పేరుమోసిన పాఠశాలల చరిత్ర చెప్పబూనినవారు సాధారణముగా అచట చదివి గొప్పవారైన వారి పేర్లు వరుసగా చదువుదురు. ఈ రెండు బడుల విషయమున ఆ పని మొదలుపెట్టినచో మాకు లభించిన కాలమంతయు ఆ పేర్లకే చాలదు. అందుచేత మేము మరియొక త్రోవ పట్టుచున్నాము. ఈ బడుల కథలో మా మనస్సును పట్టినది వాని వాకిలి. ఆ వాకిట ఎవరిని రమ్మనిరి, ఎవరిని వలదనిరి, ఎవరు బయట నిలిచి యేడ్చిరి, ఎవరు లోపలనుండి వెళ్లగొట్టబడిరి అనునదియే ఆ బడుల అసలు చరిత్ర యని మాకు తోచుచున్నది.

1816వ సంవత్సరము మే 14వ తేదీన కలకత్తా సుప్రీముకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ ఎడ్వర్డు హైడ్ ఈస్టు గారి యింట నగరములోని హిందూ ప్రముఖుల సభ యొకటి జరిగెను. తమ బిడ్డలకు ఇంగ్లీషు చదువు, పాశ్చాత్య శాస్త్రములు నేర్పు విద్యాలయము నొకదానిని స్థాపింపవలెనని వారి సంకల్పము. ప్రభుత్వము వారిని అడుగలేదు, తొందరపెట్టలేదు. ఇంగ్లీషు విద్యను దొరతనము వారే మన నెత్తిన రుద్దిరని తరచుగా వినుచుందుము. కాని మెకాలే ప్రభువు తన ప్రసిద్ధమైన నివేదికను 1835లో వ్రాసెను. కలకత్తా శ్రీమంతులు అంతకు పందొమ్మిది సంవత్సరముల ముందే తమ చేతి డబ్బుతో ఆ చదువును కొనుక్కొనుటకు కూర్చుండిరి. బర్దవాను మహారాజు తేజచంద్ర బహద్దూరు, గోపీమోహన ఠాకూరు చెరి పదివేల రూపాయలు ఇచ్చిరి. చందాలు లక్ష రూపాయలకు మించెను.

ఈ యాలోచనకు బీజము వేసినవారిలో ముఖ్యుడు రాజా రామమోహనరాయలు. అయినను ఆ సభకు ఆయన రాలేదు. వచ్చియున్నచో సభ జరిగియుండదు. మా మతమును దూషించు వాడనియు, మహమ్మదీయులతో మితిమీరి మెలగువాడనియు పలుకుచు, ఆయన చందాను పుచ్చుకొనుటకే పెద్దమనుష్యులు అంగీకరింపలేదు. ఈ సంగతిని హైడ్ ఈస్టు గారే ఒక లేఖలో వ్రాసిపెట్టిరి. రామమోహనరాయలు పట్టుపట్టలేదు; తన మూలమున పని చెడరాదని తానే ప్రక్కకు తొలగెను. ఆ విధముగా ఆ విద్యాలయము ఇంకను పుట్టకముందే, దాని పుట్టుకను కోరినవారిలో మొదటివానికే వాకిలి మూయబడెను.

1817 జనవరి 20వ తేదీన, చిత్‌పూరు రోడ్డులోని గరాణ్‌హాటాలో, గోరాచాంద్ బసాక్ అను నతని యింట ఇరువదిమంది బాలురతో హిందూ కళాశాల ప్రారంభమయ్యెను. పేరు కళాశాల యైనను అందులో చిన్న తరగతులును పెద్ద తరగతులును కలిసియే యుండెడివి. గౌరవనీయులైన హిందువుల కుమారులకు మాత్రమే ప్రవేశమని నియమము. ఈ గౌరవనీయులు అను మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. ముందు ముందు దానితో పని యున్నది.

కొన్ని సంవత్సరములు ఆ విద్యాలయము అద్దె యిండ్లలో తిరుగుచు నడచెను. నిధిని ఒక పోర్చుగీసు వర్తకుల కొఠీలో దాచియుంచగా, ఆ కొఠీ దివాలా తీసి చాల భాగము పోయెను. అప్పుడు పాలకసంఘము వారు ప్రభుత్వము నాశ్రయించిరి. ప్రభుత్వము ధనసహాయము చేసెను. దానితోపాటు లెక్కలు చూచుటకును పాఠములు పరీక్షించుటకును తన మనిషిని పంపెను. ఆ మనిషి హోరేస్ హేమన్ విల్సన్, సంస్కృతమున మహాపండితుడు. సర్కారు చేయి బడిమీద పడుట ఆ విధముగా మొదలైనది. 1824లో సంస్కృత కళాశాలకు పునాది వేసి కట్టిన భవనమునందే రెండు ప్రక్కల హిందూ కళాశాలకు చోటు దొరకెను. ఆ భవనమునకు కావలసిన నేలలో కొంత భాగము డేవిడ్ హేర్ అను నొక దొరది.

ఈ దొరను గురించి కొంత నిదానముగా చెప్పుకొనవలెను.

డేవిడ్ హేర్ 1775లో స్కాట్లండు దేశమున జన్మించెను. 1800లో కలకత్తాకు వచ్చి గడియారముల వ్యాపారము పెట్టెను. ఆయన పండితుడు కాడు, పాదిరీ కాడు, కుంపిణీ ఉద్యోగి కాడు. గడియారములు అమ్ముచు, బాగుచేయుచు నాలుగు డబ్బులు కూడబెట్టిన పనివాడు. అందరు దొరలవలె ఆ డబ్బు మూటగట్టుకొని ఓడ యెక్కవలసిన వయస్సున, 1820లో, వ్యాపారమును గ్రే అను మిత్రునికి అప్పగించి ఆయన బడిపిల్లల వెంట పడెను. వివాహము చేసికొనలేదు, స్వదేశమునకు మరల వెళ్లలేదు. 1817లో పాఠ్యపుస్తకములు అచ్చువేయుట కొక సంఘమును, 1818లో పాఠశాలల స్థాపన కొక సంఘమును ఏర్పడెను. రెంటికిని వెన్నెముక ఆయనయే. ఆర్పులిలోను, పటల్‌డాంగాలోను ఈ రెండవ సంఘము నడపిన బడులే నేటి హేర్ పాఠశాలకు మూలము.

ఆయన శిష్యుడును హిందూ కళాశాల విద్యార్థియు అయిన ప్యారీచాంద్ మిత్ర 1877లో ఆయన జీవితమును వ్రాసి ప్రకటించెను. అందులోని హేర్ దొర మన కన్నుల యెదుట నిలుచును. సాయంకాలము బడి విడుచువేళ తువాలు చేతబట్టుకొని ద్వారము కడ నిలిచి, ఒక్కొక్క పిల్లవానిని పట్టి మొగము, మెడ తుడిచి శుభ్రముగా నున్నాడో లేడో చూచి పంపెడివాడు. రెండు దినములు బడికి రాని పిల్లవాని యింటికి తానే పోయెడివాడు. పల్లకిలో పుస్తకములతోపాటు మందుల పెట్టె యుండెడిది. జ్వరము వచ్చిన పిల్లవాని ప్రక్కన రాత్రి కూర్చుండుటకు కూడ వెనుదీయలేదు. ఏ మతమును బోధింపలేదు. పాదిరీలకు ఆయనపై ఆ కోపము ఉండనే యుండెను.

ఆయన పల్లకి వీథిలో కనబడినంతనే పిల్లలు దానివెంట పరుగెత్తెడివారు. తాము పేదవారమనియు, బడిలో చేర్చుకొమ్మనియు వచ్చీరాని ఇంగ్లీషులో వేడుకొనెడివారు. అట్లు పరుగెత్తినవారిలో రామతను లాహిరి యొకడు. కృష్ణనగరపు ప్రాంతమునుండి వచ్చిన పేదబ్రాహ్మణ బాలుడు. ఖాళీ లేదని దొర మొదట త్రోసిపుచ్చెను. పిల్లవాడు వదలలేదు. దినదినమును ఆ పల్లకి ఎచ్చటికి పోయిన అచ్చటికి, ఇంచుమించు రెండు మాసములు పరుగెత్తెను. ఒకనాటి సాయంకాలము ఆ చిన్నవాని వాడిన మొగము చూచి దొర, ఏమైన తినెదవా యని అడిగెను. దొర యింటి తిండి తిన్నచో కులము పోవునని భయపడి పిల్లవాడు ఆకలి లేదనెను. సంగతి గ్రహించిన దొర, భయపడకుము, మా యింటిది కాదు, ఎదుటనున్న హిందువుల మిఠాయి కొట్టులోనిదే పెట్టించెద నని నవ్వెనట. ఈ కథను శివనాథ శాస్త్రిగారు 1904లో వెలువడిన రామతను లాహిరి జీవితచరిత్రమున చెప్పియున్నారు. మన వైపు బడిపంతులు కథలు ఎన్నో విన్నాము గాని, పిల్లవాని ఆకలిని, వాని ఆచారమును రెంటిని ఒక్కమారుగా మన్నించిన యిట్టి గురువు కథ అరుదుగా విన్నాము. చివరకు ఆ బాలునికి ప్రవేశము దొరకెను.

అచటితో ఆగలేదు. పాఠశాలల సంఘము వారు తమ బడులలో తెలివిగల బాలురను ఏరి, తమ ఖర్చుతో హిందూ కళాశాలకు పంపుచుండిరి. శ్రీమంతుల కొరకు కట్టిన ఇంటిలోనికి పేదపిల్లలు ఈ ప్రక్కవాకిటనుండి ప్రవేశించిరి. రామతను లాహిరి అట్లే చేరెను. కృష్ణమోహన బెనర్జీ అట్లే చేరెను. డబ్బిచ్చి చదువుకొను ధనికుల కుమారులకంటె ఈ ఉచిత విద్యార్థులే చదువులో ముందుండి రని చెప్పుదురు. ఇందులో ఆశ్చర్యము లేదు. రెండు మాసములు పల్లకివెంట పరుగెత్తినవానికి పాఠము విలువ ఎవరు చెప్పవలెను?

1826లో ఆ కళాశాలలో హెన్రీ లూయీ వివియన్ డెరోజియో అను ఉపాధ్యాయుడు చేరెను. అప్పటికి ఆయన వయస్సు పదునేడు సంవత్సరములు. శిష్యులలో కొందరు ఇంచుమించు ఆయన యీడువారే. పోర్చుగీసు సంతతికి చెందిన యూరేషియను కుటుంబమున కలకత్తాలోనే పుట్టి, ఈ దేశమునే తన దేశమని పద్యములు వ్రాసిన కవి. ఆయన పాఠము చెప్పు తీరు వేరు. ఏ విషయమునైనను ఇరుప్రక్కల వాదములును విని, స్వయముగా ఆలోచించి నిశ్చయించుకొమ్మనెడివాడు. బడి గంటల తరువాత చర్చలకు ఒక సంఘము పెట్టెను. దేవుడున్నాడా లేడా, విగ్రహారాధన యుక్తమా, స్త్రీలకు చదువు వలదా అని పిల్లలు తర్కింపసాగిరి. కొందరు తర్కముతో ఆగక ఇండ్లలో తిండి విషయమునను, పూజల విషయమునను హద్దులు మీరిరి. నగరమున గగ్గోలు పుట్టెను. తండ్రులు పిల్లలను బడి మాన్పింపజొచ్చిరి.

1831 ఏప్రిల్ 23వ తేదీన పాలకసంఘము కూడెను. డెరోజియో అయోగ్యుడని తీర్మానించుటకు సంఘమునకు నోరు రాలేదు. హేరు, విల్సను ఆయన యోగ్యతను గట్టిగా చెప్పిరి. కాని హిందువుల మనోభావముల దృష్ట్యా ఆయనను తొలగించుట అవసరమని అధికసంఖ్యాకులు నిశ్చయించిరి. హిందువుల మనోభావములను గురించి తాము తీర్పు చెప్పజాలమని ఆ యిరువురు దొరలు ఓటు వేయక యూరకుండిరి. మాకు ఆ మౌనము నచ్చలేదు. ఏప్రిల్ 25న డెరోజియో రాజీనామా ఇచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరు 26న వాంతిభేదితో మరణించెను. నిండా ఇరువదిమూడు సంవత్సరములు లేవు.

ఆయన అయిదేండ్ల ఉపాధ్యాయత్వపు ఫలితము ఎంత దూరము పోయినదో చూడుడు. రామతను లాహిరి 1851లో జందెము తీసివేసి బంధువులచేత వెలివేయబడియు, జీవితమంతయు బడిపంతులుగానే గడిపి, పిల్లలకు ఆరాధ్యుడయ్యెను. కృష్ణమోహన బెనర్జీ క్రైస్తవుడై సంస్కృత షడ్దర్శనములపై గ్రంథము వ్రాసెను. రామగోపాల ఘోషు వర్తకుడై, సభలలో గొప్ప వక్తయై పేరుగాంచెను. రాధానాథ శిక్‌దారు త్రికోణమితి సర్వే శాఖలో గణకుడుగా చేరి, 1852లో హిమాలయములందలి పదునైదవ శిఖరము లోకమున కెల్ల ఎత్తైనదని లెక్కకట్టి తేల్చెను. దానికి పెట్టిన పేరు మాత్రము ఎవరెస్టు దొరది.

హిందూ కళాశాల చిన్న తరగతులలో 1837 నాటికి చదువుచుండిన మరియొక బాలుని కథ తెలుగువారికి ప్రత్యేకముగా చెప్పవలసినది. ఆయన మధుసూదన దత్తు. జెస్సూరు జిల్లావాడు. తండ్రి కలకత్తాలో పేరున్న వకీలు. ఇంగ్లీషు కవిత్వమన్నచో పడిచచ్చువాడు. 1843 ఫిబ్రవరి 9న క్రైస్తవమతము పుచ్చుకొని మైకేల్ అయ్యెను. హిందువుల కళాశాలలో క్రైస్తవునకు చోటు లేదు, విడువక తప్పలేదు. కొంతకాలము బిషప్ కళాశాలలో చదివి, తండ్రి ధనసహాయము మాన్పగా, 1848 మొదట చెన్నపట్టణము చేరి, అచట అనాథబాలుర బడిలో ఉపాధ్యాయు డయ్యెను. అచటినుండి 1849 ఆగస్టులో తన బాల్యమిత్రుడును, హిందూ కళాశాలలో సహపాఠియు అయిన గౌరదాస బసాక్ అను నతనికి వ్రాసిన జాబులో తన దినచర్య తెలిపెను. ఉదయము ఆరునుండి ఎనిమిదివరకు హీబ్రూ. ఎనిమిదినుండి పండ్రెండువరకు బడిపని. పండ్రెండునుండి రెండువరకు గ్రీకు. రెండునుండి అయిదువరకు తెలుగు, సంస్కృతము. అయిదునుండి ఏడువరకు లాటిను. ఏడునుండి పదివరకు ఇంగ్లీషు.

ఎండ మండు చెన్నపట్టణపు మధ్యాహ్నవేళ మూడు గంటలు సంస్కృతముతో కలిపి తెలుగును అభ్యసించిన ఆ యువకుడు, 1856లో కలకత్తాకు మరలి, 1861లో మేఘనాదవధ కావ్యమును బంగాళీలో వెలువరించి ఆ భాషలో ప్రాసనియమము లేని ఛందస్సును నిలబెట్టెను. ఆయన ప్రతిభకు తెలుగు కారణమని మేము చెప్పబోము. అట్లు చెప్పుట సొంత డప్పు కొట్టుకొనుటయే యగును. కాని తన బడి తన్ను ఉంచుకొనజాలకపోయిన మహాకవికి కొంతకాలము మన భాష పాఠ్యవిషయ మయ్యెనని తలచుకొన్నపుడు ముచ్చట వేయకుండునా?

ఈలోపల హేర్ దొర వృద్ధుడయ్యెను. చేతిలోని సొమ్మంతయు కరగిపోయి అప్పులు మిగిలెను. 1840లో ప్రభుత్వము ఆయనకు చిన్న వ్యాజ్యముల న్యాయస్థానమున న్యాయాధికారి పదవి నిచ్చి ఆదుకొనెను. 1842 మే 31 రాత్రి వాంతిభేది సోకెను. తన బంట్రోతును పిలిచి, గ్రే దొరతో చెప్పి శవపేటిక సిద్ధము చేయించుమని ఆయనయే ఆజ్ఞాపించెనట. మరునాడు జూన్ 1న మరణించెను. వాన కురియుచుండగా వేలకొలది జనము, అందులో అధికులు హిందువులు, శవము వెంట నడచిరి. ఆయనను ఏ చర్చి ఆవరణలోనో గాక, కళాశాల యెదుట ఆయన సొంత నేలలోనే ఉంచిరి. నేడు విద్యాసాగర ఉద్యాన మనబడు కాలేజీ చౌకులో ఆ సమాధి కలదు. అటుపిమ్మట చాల సంవత్సరములు ప్రతి జూన్ 1వ తేదీని ఆయన శిష్యులు కూడి సభ జరిపి, ఏదో యొక విద్యావిషయముపై వ్యాసము చదువు సంప్రదాయము సాగినది. పొగడ్తలకు బదులు వ్యాసము చదువుట మాకు మిక్కిలి నచ్చిన పద్ధతి.

ఇక ముందు చెప్పిన గౌరవనీయులు అను మాట సంగతి. 1853 ప్రారంభమున హీరా బుల్‌బుల్ అను భోగపుస్త్రీ కుమారుడు హిందూ కళాశాలలో చేర్చుకొనబడెను. పిల్లవాడు హిందువే, చదువుకొన గోరినవాడే. కాని గౌరవనీయులు ఒప్పుకొనలేదు. ఆ తల్లి పాటకచేరీలకు పోయిన శ్రీమంతులు కూడ ఆ కొడుకు ప్రక్కన తమ కొడుకులు కూర్చుండరాదనిరి. పిల్లలను మాన్పించి, ఆ సంవత్సరము మే 2వ తేదీన హిందూ మెట్రోపాలిటన్ కళాశాల యని వేరొకటి తెరచిరి. అది కొద్ది సంవత్సరములకే మూతబడెను. కాని ఈ కలహము ఊరక పోలేదు. హిందూ కళాశాలను ఒక మతమువారికే కేటాయించి, ప్రజలందరి ధనముతో నడుపుట ఎట్లు న్యాయమను ప్రశ్న ప్రభుత్వమున అంతకుముందే బయలుదేరియుండెను. ఈ సంఘటనతో అది తేలిపోయెను. పెద్ద తరగతులు వేరుచేయబడి 1855 జూన్ 15న ప్రెసిడెన్సీ కళాశాల యను పేర అన్ని మతములవారికి తెరువబడెను. చిన్న తరగతులు హిందూ పాఠశాల యను పేరుతో, హిందూ బాలురకే, ప్రభుత్వ యాజమాన్యమున నిలిచెను.

అనగా, నలువది సంవత్సరముల ముందు చందాలు వేసికొని కట్టిన ఇల్లు రెండుగా చీలినది ఒక పిల్లవానిని వాకిట నిలిపినందుననే. హీరా బుల్‌బుల్ కొడుకు అను పేరుతోనే ఆ బాలుడు కథలలో నిలిచెను. పాఠశాల గోడలపై ఎందరో మహనీయుల చిత్తరువులు వ్రేలాడుచుండవచ్చును. ఆ వరుసలో ఈ బాలునికిని చోటుండవలసినదని మా యభిప్రాయము.

అదే కాలమున అదే భవనమున సంస్కృత కళాశాలలో మరియొక వాకిలి కథ నడచెను. అచట బ్రాహ్మణులకు, వైద్యకులమువారికి మాత్రమే ప్రవేశము. 1851లో ప్రధానాచార్యుడైన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు ఆ సంవత్సరమే కాయస్థులకును, పిమ్మట ఇతర హిందువులకును తలుపు తెరపించెను. వితంతు వివాహముల విషయమున వీరేశలింగము పంతులుగారికి మార్గదర్శి యయిన విద్యాసాగరుని మనవా రెరుగుదురు. బడితలుపు తెరచిన విద్యాసాగరుని అంతగా ఎరుగరు.

పడమటివైపు బడి ఈ నడుమ ఏమైనది? సంఘముల చేతినుండి ప్రభుత్వము చేతికి వచ్చి, కొంతకాలము కొలుటోలా శాఖాపాఠశాల యనిపించుకొని, 1867లో హేర్ పాఠశాల యను పేరు పొందెను. దాని ప్రధానోపాధ్యాయులలో ప్యారీచరణ సర్కారు ప్రఖ్యాతుడు. ఆయన 1850లో వ్రాసిన ఇంగ్లీషు మొదటి వాచకముతో బంగాళమున అనేక తరములవారు ఆ భాష నేర్చిరి. ఆయనయు బాల్యమున హేర్ దొర బడిలో చదువుకొన్నవాడే. 1869లో జగదీశచంద్ర బోసు, ఆ మరుసటి సంవత్సరము ప్రఫుల్లచంద్ర రాయి ఇచట చేరిరి. తూర్పు బంగాళపు పల్లెటూరినుండి వచ్చిన తన్ను చూచి పట్నవాసపు పిల్లలు యాసను వెక్కిరించి నవ్వినారని ప్రఫుల్లచంద్రుడు తన స్వీయచరిత్రమున చెప్పెను. వాకిలి దాటినంతమాత్రమున లోపల అందరును చోటిత్తురని కాదు. ఇది ఏ పట్నపు బడిలోనైనను పల్లెటూరి పిల్లవాడు నేటికిని ఎరిగిన సంగతియే.

హిందూ పాఠశాల ఉపాధ్యాయులలో ఉపేంద్రనాథ బక్షి అను లెక్కల పంతులు పేరు ఒకే యొక కారణముచేత లోకమున నిలిచినది. ఒక పరీక్షలో ఒక పిల్లవానికి ఆయన నూటికి నూటపది మార్కులు వేసెను. ఇదేమని ప్రధానోపాధ్యాయుడు అడుగగా, ఆ పిల్లవాడు ఇచ్చిన లెక్కలన్నియు చేసెననియు, కొన్నింటిని ఒకటికి మించిన పద్ధతులలో చేసెననియు సమాధాన మిచ్చెనని చెప్పుదురు. ఆ పిల్లవాడు సత్యేంద్రనాథ బోసు. 1909లో ప్రవేశపరీక్షలో అయిదవవాడుగా ఉత్తీర్ణుడయ్యెను; 1924లో ఐన్‌స్టీను మహాశయునికి పంపిన వ్యాసముతో ప్రపంచ ప్రఖ్యాతు డయ్యెను. ఈ కథ చెప్పునపు డందరును శిష్యుని ప్రశంసింతురు. మాకు ఆ పంతులుగారి కలమే ఎక్కువ ముచ్చటగా నున్నది. నూటికి నూరు దాటరాదను నియమము లెక్కలు చెప్పువాని కంటె ఎవరికి బాగుగా తెలియును? తెలిసియు దాటెను.

హిందూ పాఠశాలలో పూర్వపు మతనియమము నేడు లేదు. రెండు బడులును పశ్చిమ బంగాళ ప్రభుత్వపు యాజమాన్యమున నడచుచున్నవి. చాలకాలము వానిలో ప్రవేశము కఠినమైన పరీక్షమీద ఆధారపడి యుండెను. పరీక్షలో నెగ్గిన పిల్లవాని యింట పండుగ. తప్పినవాని యింట దుఃఖము. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి, చిన్నపిల్లలను వడబోత పరీక్షలతో ఎన్నుకొనుటను నిషేధించెను. అటుపిమ్మట అక్కడి ప్రభుత్వ పాఠశాలలలో ప్రవేశమునకు చీట్లు తీయుట మొదలైనది. ఇందుచే పూర్వపు ప్రతిభ తగ్గునని చింతించువారు కలరు. ఇంటివద్ద చదువు చెప్పించుకొనగల కుటుంబముల పిల్లలే పరీక్షలో నెగ్గెడివారు గదా యని సమాధానము చెప్పువారును కలరు. మేము ఈ రెండవ పక్షమువారము. అయిదారేండ్ల పిల్లవానిలో ప్రతిభను కొలుచు తూనిక ఏది? పల్లకివెంట పరుగెత్తిన రామతనును హేర్ దొర ఏ పరీక్ష పెట్టియు చేర్చుకొనలేదు. ఐతే చీటీ కూడ గ్రుడ్డిదే. అది పిల్లవాని ఆకలి నెరుగదు. తలుపులు రెండే యుండి, బయట నిలిచినవారు వేలకొలది యైనపుడు ఏ పద్ధతి పెట్టినను కొందరు కన్నీటితో మరలుదురు.

ఒక తలుపు మాత్రము ఈ రెండు బడులలోను తెరువబడలేదు. అవి నేటికిని బాలుర పాఠశాలలే. కాని ఆ బడి పిల్లలు పెద్దవారై ఆ లోటును మరియొక విధముగా తీర్చిరి. డ్రింక్‌వాటర్ బెత్యూన్ అను దొర కలకత్తాలో బాలికల పాఠశాల పెట్టదలచినపుడు, అండగా నిలిచినది డెరోజియో శిష్యులైన రామగోపాల ఘోషు, దక్షిణారంజన ముఖర్జీ మొదలగువారే. దక్షిణారంజనుడు బడికి తన యిల్లు విడిచి, స్థలమును దానము చేసెను. 1849 మే 7వ తేదీన ఇరువదియొక్క మంది బాలికలతో ఆ బడి ప్రారంభమయ్యెను. ఆడపిల్లలను బడికి పంపుట కులభ్రష్టమని ఊరు కోడై కూయుచున్న దినములవి. సంస్కృత కళాశాల పండితుడు మదనమోహన తర్కాలంకారుడు తన యిరువురు కుమార్తెలను ఆ బడిలో చేర్పించి, జీతము లేక తానును అచట పాఠములు చెప్పెను.